ఏం పడింది? ఎంతసేపయింది?

బట్టల మీద ఏది ఒలకబోసుకుని వెళ్లినా మా అమ్మ అడిగేవి రెండే ప్రశ్నలు. "ఏం పడింది? ఎంతసేపయింది?" కళ్లు ఎక్కడ పెట్టుకున్నావనో, కొత్త గౌను పాడుచేశావనో అనడం నేనెప్పుడూ వినలేదు. ఆ రెండింటికీ జవాబు చెబితే చాలు, ఏ సీసా తియ్యాలో, చన్నీళ్లా వేణ్నీళ్లా అన్నది ఆమె చేతులకే తెలిసిపోయేది. నేను గౌను మార్చుకుని వచ్చేలోపే బకెట్లో నీళ్లు పడుతున్న చప్పుడు వినబడేది.

స్నానాలగది కిటికీ పక్కన ఒక చెక్క అర ఉండేది. ఇల్లంతా ఎవరైనా సర్దొచ్చు, ఆ అర జోలికి మాత్రం ఎవరూ వెళ్లకూడదు. ఇప్పుడు కళ్లు మూసుకున్నా అందులో ఏది ఎక్కడుండేదో చెప్పగలను. ఎడమవైపు వంటసోడా డబ్బా. దాని పక్కన స్పిరిట్ సీసా, మూత బిగించి, పైన దారం చుట్టి. ఆ వెనక ముదురు గోధుమరంగు సీసాలో హైడ్రోజన్ పెరాక్సైడ్. కుడివైపు చిన్న గిన్నెలో విరిగిన సుద్దముక్కలు, అరిగిపోయి మెత్తబడ్డ టూత్‌బ్రష్, అంచు మొద్దుబారిన ఒక చెంచా. ఆ చెంచాతో ఎవరూ తినేవాళ్లం కాదు. బట్ట మీద ముద్దగా పడినదాన్ని అంచుల నుంచి మధ్యకు గీరి తియ్యడమే దాని పని. అన్నిటికంటే కింద మడతపెట్టిన పాత నూలుగుడ్డలు, అన్నీ తెల్లవే. ఒకసారి నేను పాత ఎర్ర తువ్వాలు ముక్క ఒకటి చింపి అందులో పెడితే అమ్మ తీసి పక్కన పెట్టేసింది. "మరక అద్దే గుడ్డకి రంగుంటే, ఆ రంగు కూడా దీనికే అంటుకుంటుంది. పైగా మరక ఎంత వచ్చిందో కనబడాలి కదా తల్లీ" అంది.

గోధుమరంగు సీసా గురించి కూడా అడిగాను. వెలుతురు తగిలితే అది ఉత్త నీళ్లయిపోతుందని చెప్పింది. ఎవరు చెప్పగా విందో తెలియదుగానీ, మాట అక్షరాలా నిజం. హైడ్రోజన్ పెరాక్సైడ్ అంటే నీటికి మరో ఆక్సిజన్ పరమాణువు అదనంగా తగిలించినట్టుండే ద్రవం. అది నిలకడగా ఉండలేదు, వెలుతురుకూ వేడికీ ఆ ఆక్సిజన్‌ను వదిలేసి నీరైపోతుంది. ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త తెనార్ 1818లో దాన్ని మొదటిసారి తయారుచేశాడని కాలేజీలో చదువుకున్నప్పుడు నాకు మా స్నానాలగది కిటికీ గుర్తొచ్చింది.

చన్నీళ్ల సంగతి మొదట నేర్చుకున్నది మోకాలు చెక్కుకుపోయిన రోజున. పరుగెత్తుతూ పడ్డాను. తెల్ల సాక్సు నెత్తుటితో తడిసింది. మోకాలికి మందు రాసి కట్టు కట్టాక అమ్మ సాక్సును చన్నీళ్లలో వేసింది. నేను సాయం చేద్దామని వేడినీళ్ల చెంబు తెస్తే చెయ్యి అడ్డం పెట్టి ఆపింది. "కోడిగుడ్డు తెల్లసొన వేడి తగిలితే ఏమవుతుంది?" అంది. గట్టిపడుతుందన్నాను. "నెత్తురూ అంతే. వేడి తగిలిందా, నూలులోపలే గట్టిపడి కూర్చుంటుంది." తర్వాత సాక్సుని నీళ్లలోంచి తీసి, లోపలివైపు బయటికి తిప్పి, వెనకనుంచి నీటిధార పట్టింది. మరక ఏ వైపు నుంచి ఎక్కిందో ఆ వైపుకే వెనక్కి తొయ్యాలట. ముందువైపు నుంచి పోస్తే ఇంకా లోపలికి పోతుంది. చివరికి మిగిలిన లేత గోధుమరంగు జాడ మీద ఆ గోధుమరంగు సీసాలోంచి నాలుగు చుక్కలు వేసింది. సన్నగా చిటచిటమంటూ తెల్లటి నురగ పొంగింది. చెవి దగ్గర పెట్టుకుని విన్నాను. నెత్తురులో ఉండే ఒక ఎంజైము, అంటే రసాయన చర్యను వేగంగా జరిపించే ప్రోటీను, పెరాక్సైడ్‌ను విడగొడుతుంటే వచ్చే ఆక్సిజన్ బుడగలవి. అప్పుడు నాకు తెలిసిందల్లా మరక నా కళ్లముందే వెలిసిపోయిందని.

అదే చన్నీళ్ల బకెట్టు దగ్గర మరికొన్నేళ్లకు ఇంకో రోజు. పొద్దున లేచేసరికి దుప్పటి మీద మరక. ఏమిటో తెలిసినా, ఏం చెయ్యాలో తెలియక దుప్పటి ఉండచుట్టి మంచం కిందకి తోసేశాను. అమ్మ గదిలోకి వచ్చి, నా ముఖం చూసి, వంగి దుప్పటి తీసింది. ఆ రోజు ప్రశ్నలు కూడా అడగలేదు. "నువ్వు ముందు స్నానం చేసిరా. ఇది చన్నీళ్లతో అరగంటలో పోతుంది" అంది, మోకాలి రోజున చెప్పినట్టే, అదే గొంతుతో. నేను స్నానం చేసి వచ్చేసరికి దుప్పటి దండెం మీద ఉంది. దగ్గరికి వెళ్లి వెతికాను, ఏమీ కనబడలేదు. సిగ్గుపడాల్సిందేమీ లేదని ఆవిడ నాకు ఎప్పుడూ మాటల్లో చెప్పలేదు. నెత్తుటి మరక నెత్తుటి మరకే, ఎక్కడినుంచి వచ్చినా దానికి కావలసింది చన్నీళ్లే, అంతే. ఆ పూట ఇంకే మాట చెప్పినా నాకు అంత ధైర్యం వచ్చేది కాదు.

నూనె మరకలు అమ్మకి పెద్ద లెక్కలో ఉండేవి కావు. పడిన వెంటనే సుద్దముక్కను మెత్తగా పొడిచేసి మరక మీద చల్లి వదిలేసేది. పావుగంటకి పొడి ముద్దకట్టి పసుపుపచ్చగా మారేది. దులిపి, మళ్లీ కొత్త పొడి. అప్పుడు గిన్నెలు తోమే ద్రవం ఒక బొట్టు, వేలికొసతో గుండ్రంగా తిప్పుతూ. నీళ్లు ముందుగా తగలనిచ్చేది కాదు. సబ్బు కణానికి ఒక కొస నీటిని ఇష్టపడుతుంది, రెండో కొస నూనెను పట్టుకుంటుంది, అలా నూనె చుట్టూ చేరి దాన్ని చిన్న చిన్న ఉండలు చేసి నీళ్లలోకి లాక్కుపోతుంది అని పదో తరగతిలో మాస్టారు బోర్డు మీద బొమ్మ గీశారు. ఇంటికొచ్చి అమ్మకి అదే బొమ్మ గీసి చూపించాను. చాలాసేపు చూసి, "అందుకేనా, నీళ్లు ముందు పోస్తే నూనె వదలదు" అంది. ఆ కాగితం ఆ చెక్క అరలోనే పెట్టుకుంది.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది మాత్రం టీ మరక. అది చూడ్డానికి పిల్లలందరం చేరేవాళ్లం. నూలుబట్ట అయితేనే ఈ పద్ధతి. మరక పడ్డ భాగం పైకి వచ్చేలా ఒక లోతైన గిన్నె మీద బట్టను పరిచి, డోలు మీద తోలులా బిగుతుగా లాగి, చుట్టూ తాడు కట్టేది. గిన్నెను తొట్టిలో పెట్టి, మమ్మల్ని గుమ్మం దాకా వెనక్కి జరిపేది. అప్పుడు మరుగుతున్న నీళ్ల కెటిల్ పట్టుకుని, రెండడుగుల ఎత్తునుంచి సన్నటి ధారగా సరిగ్గా మరక నడిమధ్యకు వదిలేది. డబడబమని చప్పుడు. ఆవిరి. గోధుమరంగు మధ్యలోంచి కరిగి, అంచులకు జరిగి, కిందికి జారిపోయేది. తెల్లటి చుక్క ఒకటి పుట్టి పెద్దదవుతున్నట్టుండేది. ధార అటూ ఇటూ ఊగకుండా అంత ఎత్తునుంచి పొయ్యడం నాకు ఇప్పటికీ పూర్తిగా రాదు.

ఇక్కడే నాకు తికమక. నెత్తుటికి వేడినీళ్లు తగలకూడదు, టీకి మరిగే నీళ్లు కావాలి. అడిగితే, "అందుకే కదా ఏం పడిందని అడుగుతాను" అంది. ఇంకో చిక్కు కూడా చెప్పింది. టీలో పాలున్నాయా లేవా అన్నది చూడాలి. పాలుంటే ముందు చన్నీళ్లతో పాల జాడ తీసెయ్యాలి, ఎందుకంటే పాలూ గుడ్డు తెల్లసొన కోవలోవే. ఆ తర్వాతే వేడినీళ్లు. ఒకే మరకలో రెండు రకాలుంటాయన్నమాట. టీ, కాఫీ, పళ్లరసం మరకల మీద మొదటే సబ్బు బిళ్ల రుద్దనిచ్చేది కాదు. వాటిలో ఉండే టానిన్లు సబ్బు తగిలితే ఇంకా మొండికేస్తాయని తర్వాత తెలుసుకున్నాను. టానిన్లంటే తోళ్లు పదును పెట్టడానికి వాడేవే, బట్టలకు రంగు పట్టించడానికీ వాడతారు. అలాంటివి నూలును అంత తేలిగ్గా వదలకపోవడంలో వింతేముంది?

పసుపు మరక నన్ను ఒకసారి నిజంగా భయపెట్టింది. తెల్ల జాకెట్టు చేతి మీద పసుపు అంటుకుంటే, అమ్మ ఇంట్లో లేదు కదా, నేనే పోగొట్టేస్తానని సబ్బు బిళ్ల తీసుకుని రుద్దాను. పసుపుపచ్చటి మరక చూస్తుండగానే ఎర్రగా మారింది. నెత్తురులా. ఇంకా రుద్దితే ఇంకా ఎరుపు. ఏడుపొక్కటే తక్కువ. అమ్మ వచ్చి చూసి, నిమ్మచెక్క తెచ్చి దాని మీద పిండింది. ఎరుపు ఒక్కసారిగా మాయమై మళ్లీ పసుపు వచ్చింది. "చూశావా, సబ్బు తగిలితే ఎర్రబడుతుంది, పులుపు తగిలితే మళ్లీ మామూలవుతుంది. కంగారుపడకు, ఇది బట్టను ఏమీ చెయ్యలేదు" అంది. మా స్కూలు ల్యాబులో లిట్మస్ కాగితం చూపించినప్పుడు నాకేమీ కొత్తగా అనిపించలేదు, నేను ముందే జాకెట్టు చేతి మీద చూశాను. పసుపులోని కర్క్యుమిన్ అనే పదార్థం క్షారంలో ఎరుపు, ఆమ్లంలో పసుపు.

కానీ రంగు మారడం వేరు, పోవడం వేరు. కర్క్యుమిన్ నీళ్లలో దాదాపు కరగదు, అందుకే ఎంత జాడించినా నీడలా మిగిలిపోతుంది. దాని సంగతి ఎండ చూసుకుంటుందని అమ్మ జాకెట్టుని తడిగానే దండెం మీద వేసింది, పిండకుండా. ఆరిపోతే మళ్లీ తడిపింది. ఆ సాయంత్రానికి మరక లేత నిమ్మరంగుకి దిగింది, రెండో రోజుకి ఎక్కడుందో నాకే తెలియలేదు. ఎండ ఆ రంగు కణాలను విరగ్గొట్టేస్తుంది. మరకల మీద ఏ సీసా చెయ్యలేని పని కొన్నిసార్లు ఖర్చు లేని ఎండ చెయ్యడం నాకు ఇప్పటికీ అబ్బురమే.

ఒకప్పుడు యూరప్‌లో బట్టలు తెలుపు చెయ్యడమంటే నెలల తరబడి పచ్చిక మీద పరిచి, తడుపుతూ ఎండబెట్టడమేనట. మధ్యలో క్షారపు నీళ్లలోనూ, పులిసిన పాలలోనూ నానబెట్టేవాళ్లు. పులిసిన పాలు ఎందుకంటే ఆ పులుపు కోసమే, అమ్మ నిమ్మచెక్కలాగే. 1756లో స్కాట్లండ్ వైద్యుడు ఫ్రాన్సిస్ హోమ్ పాల బదులు బాగా పలచన చేసిన సల్ఫ్యూరిక్ ఆమ్లం వాడొచ్చని చెప్పాక ఆ పని చాలా త్వరగా అయిపోసాగింది. 1774లో షీలే అనే రసాయన శాస్త్రవేత్త క్లోరిన్‌ను కనిపెట్టడం, కొన్నేళ్లకు ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త బెర్తోలే దానితో బట్టలు తెల్లబడతాయని చూపించడం జరిగాక ఆ పచ్చిక మైదానాల కథే ముగిసింది. ఈ సంగతులు చదివినప్పుడల్లా నాకు మాత్రం ఆ తడి జాకెట్టు, దాని కింద టపటపమని పడుతున్న నీటి చుక్కలే కనబడతాయి.

నాన్నది ఇంకు ఖాతా. చొక్కా జేబు కింద నీలం మచ్చ లేకుండా ఇంటికొచ్చిన నెల ఉండేది కాదు. బాల్‌పెన్ను ఇంకయితే స్పిరిట్. మరక కింద తెల్లగుడ్డ నాలుగు మడతలు పెట్టి, పైనుంచి స్పిరిట్‌లో ముంచిన మరో గుడ్డతో అద్దాలి, రుద్దకూడదు. అద్దడం కూడా బయటి అంచునుంచి లోపలికి. మధ్యనుంచి మొదలుపెడితే రూపాయి బిళ్లంత మరక పళ్లెమంత అవుతుంది. కింద గుడ్డ నీలంగా మారగానే దాన్ని జరిపి కొత్త మడత పెట్టాలి. నాకు అప్పజెప్పిన మొదటి పని అదే, కింద గుడ్డ జరపడం. అమ్మ పైన అద్దుతుంటే నేను కింద జరుపుతూ, ఒక్కో మడత మీద ఒక్కో నీలం పువ్వు, మొదటిది ముదురు, చివరిది కనీకనబడనట్టు. చివరి మడత తెల్లగా వచ్చేదాకా ఇద్దరం మాట్లాడుకునేవాళ్లం కాదు.

నాన్న పాత ఫౌంటెన్ పెన్నులో పోసుకునే బ్లూబ్లాక్ ఇంకు మాత్రం వేరే రకం. దాని నీలం చన్నీళ్లకే పోయేదిగానీ, కింద గోధుమరంగు జాడ మిగిలేది. అది ఇనుము. ఆ రకం ఇంకులో ఇనుపలవణం, టానిన్ కలిసి ఉంటాయి. రాసినప్పుడు పాలిపోయినట్టుండి, గాలి తగిలాక నల్లబడుతుంది, రాస్తున్నప్పుడు కనబడటానికే ఆ నీలం కలిపేవాళ్లు. మిగిలిన జాడకు అమ్మ తుప్పు మరక వైద్యమే చేసేది, నిమ్మరసం, ఉప్పు, ఎండ. ఇంకులో ఇనుముందని ఆవిడకు ఎవరూ చెప్పలేదు. "చూడ్డానికి తుప్పులా ఉంది, తుప్పుకి చేసేదే చేద్దాం" అనుకుని చేసింది. ఆ చూపు గురించి నాకు ఎంత చెప్పినా తనివి తీరదు.

ఇక నేను దాచిన మరక సంగతి. పదేళ్లుంటాయి నాకు. అక్క తెల్ల గౌను, ఇస్త్రీ చేసి బీరువాలో ఉన్నది, అడక్కుండా వేసుకుని ఒక పుట్టినరోజుకి వెళ్లాను. అక్కడ తియ్యటి నిమ్మరసం కాస్త ఒడిలో పడింది. గుండె ఆగినంత పనయింది. కానీ ఆరాక చూస్తే ఏమీ లేదు, గౌను తెల్లగా మెరుస్తోంది. బతికిపోయాననుకుని ఇంటికొచ్చి ఎలా ఉన్నది అలా మడతపెట్టి పెట్టేశాను. రెండు నెలల తర్వాత అక్క గౌను తీసి, ఒకసారి పైపైన ఇస్త్రీ చేసుకుంది. ఇస్త్రీపెట్టె కిందనుంచి లేత గోధుమరంగు మచ్చలు తేలాయి, ఒకటి కాదు, ఒడి నిండా.

అమ్మ వచ్చింది. "ఏం పడింది? ఎంతసేపయింది?" అక్కకు తెలియదు. నా వైపు చూసింది. "ఏమో, నాకు తెలీదమ్మా" అన్నాను. అమ్మ ఇంకేం అనలేదు. గౌను తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్లి వెలుతురుకు పట్టుకుని చూసింది, వాసన చూసింది, చన్నీళ్లు, సోడా, పెరాక్సైడ్, ఎండ, ఒకదాని తర్వాత ఒకటి, మూడు రోజులు. ఆ మూడు రోజులూ నాకు అన్నం సహించలేదు. మూడో రోజు సాయంత్రం దండెం దగ్గరికి వెళ్లి చెప్పేశాను. అమ్మ నా తల మీద తడిచెయ్యి వేసింది. "ఆ రోజే చెప్పుంటే గ్లాసెడు నీళ్లతో పోయేది కదే" అంది. తియ్యదనం ఉన్న మరక ఆరినప్పుడు కనబడదు. గాలికీ, రోజులు గడిచేకొద్దీ రంగు తేలుతుంది, దానికి ఇస్త్రీ వేడి తోడైతే చక్కెర మాడినట్టే. గౌను మళ్లీ పూర్తి తెలుపు కాలేదు. "ఇది ఇంక మరక కాదు, రంగయిపోయింది" అని అమ్మ దాన్ని లేత గోధుమరంగులో ముంచి రంగేసింది. అక్క దాన్ని ఇంకో ఏడాది వేసుకుంది.

మరక రంగవడం అనే మాట నాతో ఉండిపోయింది. 1856లో విలియం పెర్కిన్ అనే పద్దెనిమిదేళ్ల ఇంగ్లిష్ రసాయన విద్యార్థి మలేరియా మందు క్వినైన్ తయారుచెయ్యబోయి, సీసా అడుగున నల్లటి జిడ్డు మిగిలితే, దాన్ని కడగడానికి ఆల్కహాల్ పోశాడు. ఊదారంగు వచ్చింది. అది పట్టుబట్టకు అంటుకుంటే ఉతికినా పోలేదు, ఎండలో పెట్టినా వెలవలేదు. కృత్రిమ అద్దకపు రంగుల పరిశ్రమంతా దాంతోనే మొదలైంది. ఇది మొదటిసారి చదివినప్పుడు ఆ గౌను గుర్తొచ్చి పుస్తకం మూసి కాసేపు కూర్చుండిపోయాను.

బ్లీచ్ అంటే అమ్మకు పడేది కాదు. తెల్ల నూలుకి తప్ప వాడేది కాదు. ఉన్ని, పట్టు బట్టలకు అది తగిలితే పోగులే తినేస్తుంది. తుప్పు మరక మీద పోస్తే మరక పోకపోగా ముదురుతుంది. చంకల దగ్గర చెమట మరకలకూ అంతే, ఇంకా పచ్చబడతాయి. నేను పెళ్లయి వేరే ఇంటికి వెళ్లాక ఒకసారి తొందరలో బ్లీచ్ పోసిన బకెట్లోనే వెనిగర్ కూడా పోశాను, రెండూ మంచివే కదా, కలిస్తే ఇంకా మంచిదనుకుని. ఘాటు గుప్పుమంది. కళ్లు మండి, దగ్గు ఆగక, తలుపులు తెరుచుకుని బయటికి పరుగెత్తాను. ఆమ్లం తగిలితే బ్లీచ్‌లోంచి వచ్చేది క్లోరిన్ వాయువు. నిమ్మరసం కలిపినా అదే ప్రమాదం. అమోనియా ఉన్న ద్రవాలతో కలిపినా విషవాయువే. అమ్మకి ఫోన్ చేసి చెబితే ఆవిడ గొంతులో మొదటిసారి టెన్షన్ విన్నాను. "మరక ఉంటే ఉంది. నువ్వు బాగున్నావా?" అంది. ఇది చదివేవాళ్లు మిగతావన్నీ మర్చిపోయినా ఆ ఒక్కటీ మర్చిపోవద్దు. బ్లీచ్‌లో నీళ్లు తప్ప ఏదీ కలపకండి.

తర్వాత ఎంజైముల సబ్బుపొడులు వచ్చాయి. అమ్మ ప్యాకెట్టు వెనక రాసింది కళ్లద్దాలు పెట్టుకుని పూర్తిగా చదివేది. నెత్తురు, పాలు, గుడ్డు లాంటి మరకల్ని ఎంజైములు తినేస్తాయని నేను చెబితే, "మరి పట్టునీ ఉన్నినీ తినవా?" అని వెంటనే అడిగింది. తింటాయి, అందుకే వాటికి వాడొద్దంటారు. ఈ ఆలోచన అంత కొత్తదేమీ కాదు. 1913లోనే జర్మనీలో ఒట్టో రోమ్ అనే రసాయన శాస్త్రవేత్త జంతువుల క్లోమం నుంచి తీసిన ఎంజైములతో బట్టలు ఉతికే పద్ధతికి పేటెంట్ తీసుకున్నాడు. మరిగే నీళ్లలో అవి పనిచెయ్యవు, గోరువెచ్చటి నీళ్లు కావాలి, నానడానికి వ్యవధి ఇవ్వాలి. అమ్మకి అది నచ్చింది. ఏ మరకకైనా రుద్దే బలం కంటే నానే సమయమే ఎక్కువ పనిచేస్తుందని ఆవిడ ఎప్పుడూ అనేది.

ఇప్పుడు అమ్మ నా దగ్గరే ఉంటోంది. రెండేళ్లుగా మతిమరుపు. రోజులు గుర్తుండవు, కొన్నిసార్లు మనుషులు కూడా. పోయిన నెల ఆవిడ గది ఊడుస్తుంటే మంచం కింద, గోడ మూలకి, ఉండచుట్టి తోసేసిన బట్ట చేతికి తగిలింది. లాగితే తెల్ల దుప్పటి. మడతలు విడదీస్తే పెళపెళలాడింది. నడిమధ్యన అరచేయి అంత గోధుమరంగు మరక, చుట్టూ ముదురు అంచు.

దుప్పటి పట్టుకుని ఆవిడ పక్కన కూర్చున్నాను. నోటికి వచ్చింది అవే మాటలు. "ఏం పడిందమ్మా? ఎంతసేపయింది?"

అమ్మ దుప్పటిని చూసింది. నా ముఖం చూసింది. చేతివేళ్లు ఒళ్లో మెలితిప్పుకుంటూ, "ఏమో, నాకు తెలీదమ్మా" అంది.

నేను ఇంకేం అడగలేదు. దుప్పటి తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్లాను. వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే మరక మధ్యభాగం అద్దంలా మెరవలేదు, అంటే నూనె కాదు. వేలితో తడిమితే గట్టిగా ఉంది, అంటే పాలో చక్కెరో ఏదో ఉంది. అంచు ముదురుగా ఉండటం చూస్తే తడి మెల్లగా బయటికి పాకి ఆరిందని తెలుస్తోంది. వాసన చూస్తే పులిసిన పాల వాసన, దాని వెనక సన్నగా టీ. పాలు కలిపిన తియ్యటి టీ అయ్యుండాలి. కప్పు జారిపోయి ఉంటుంది. ఎవరికీ చెప్పడానికి మొహమాటపడి ఉంటుంది, చెప్పాలన్నదే మర్చిపోయి ఉంటుంది.

ఏమిటో కచ్చితంగా తెలియనప్పుడు వేడి జోలికి వెళ్లకూడదు. ముందు వెనకవైపు నుంచి చన్నీళ్లు, ఆ తర్వాత ఎంజైము పొడి కలిపిన గోరువెచ్చటి నీళ్లలో రాత్రంతా నానబెట్టాను. పొద్దున్నకి గట్టిదనం పోయి లేత గోధుమరంగు జాడ మిగిలింది. పాల సంగతి తీరిందని నమ్మకం కుదిరాక, గిన్నె మీద బిగించి కట్టి, మరిగే నీళ్లు పైనుంచి పోశాను. ధార కాస్త వణికింది. అమ్మను గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చోబెట్టాను, దూరంగా. ఆవిరి లేస్తుంటే కళ్లు చికిలించి చూస్తూ కూర్చుంది, ఏమీ మాట్లాడలేదు. ఇంకా పలచటి జాడ ఉంది. దాని మీద పెరాక్సైడ్ అద్ది, కాసేపాగి జాడించి, పిండకుండానే బయటికి తీసుకెళ్లి దండెం మీద వేశాను.

వెనక నుంచి అమ్మ గొంతు వినబడింది. కుర్చీలోంచి లేచి, గోడ పట్టుకుని గుమ్మం దాకా వచ్చింది.

"అలా కాదు. మరక వైపు ఎండకి తిప్పి వెయ్యి. ఆరనివ్వకు, తడుపుతూ ఉండు."

దుప్పటి తిప్పి వేసి, చెంబుతో నీళ్లు తెచ్చాను.